ఉప్పునీటి ఈతకొలనులో క్లోరిను ఏల తగ్గును?
(తల్లిదండ్రులకొక విజ్ఞానపాఠము)

వేసవి సెలవులు వచ్చినంతనే పిల్లల మనస్సు నీటిమీదికి పోవును. ఒకప్పుడు శ్రీవిల్లిపుత్తూరు, విరుదునగరము, కోవిల్పట్టి ప్రాంతములందలి మన పిల్లలు పెక్కుమంది పొలముబావులలోనే ఈత నేర్చిరి. నడుమునకు ఎండిన సొరకాయబుర్ర కట్టి, మేనమామయో పెద్దన్నయో గట్టున నిలిచి ధైర్యము చెప్పుచుండగా నేర్చిన ఈత అది. నేడు పట్టణములందలి బంధువుల యిండ్లకు పోయిన పిల్లలు అచటి ఈతకొలనులలో దిగుచున్నారు. వానిలో కొన్నిటికి "ఉప్పునీటి కొలను" అని పేరు. "ఇందులో క్లోరిను వేయరు, ఉప్పు మాత్రమే వేయుదురు" అని ఎవరో చెప్పుదురు. ఆ మాట విని మనము నిశ్చింతగా నుందుము.

ఆ మాటలో సగమే సత్యము. ఉప్పునీటి కొలనులోను సూక్ష్మజీవులను చంపునది క్లోరినే. దానిని డబ్బానుండి వేయుటకు మారుగా, నీటిలోని ఉప్పునుండి అచటనే తయారు చేయుదురు. ఆ తయారీ కుంటుపడినను, తయారైనది త్వరగా వ్యయమైపోయినను, కొలను చూపునకు నిర్మలముగానే యుండును. కాని రక్షణ మాత్రము ఉండదు.

ఈ విషయమును మన పత్రికలో వ్రాయుటకు కారణము కలదు. మన పడమటి కొండలకు ఆవలనున్న కేరళ రాష్ట్రములో 2024, 2025 సంవత్సరములందు అమీబావలన కలుగు మెదడువాపు వ్యాధి పలువురకు సోకి, కొందరు మరణించిరి. ఈ వ్యాధిని కలిగించు జీవులలో ప్రసిద్ధమైనది వెచ్చని మంచినీటిలో పెరుగును. త్రాగుటవలన గాక, ముక్కులోనికి నీరు పోవుటవలన మెదడును చేరును. వ్యాధి మిక్కిలి అరుదు, కాని మిక్కిలి ప్రమాదకరము. నీటిలో తగిన క్లోరిను ఎల్లప్పుడు నిలిచియుండునట్లు చూచుట దానిని అడ్డగించు ముఖ్యోపాయములలో నొకటి. కావున కొలనులో క్లోరిను తగ్గుట యజమాని తలనొప్పి మాత్రమే కాదు. అందులో దిగు మన బిడ్డల క్షేమమునకు సంబంధించిన విషయము.

ఉప్పునుండి క్లోరిను వచ్చు విధము

మనము వంటలో వాడు ఉప్పు సోడియము, క్లోరిను అను రెండు మూలకముల కలయిక. క్లోరిను వాయువును 1774లో స్వీడను దేశమున షీలే అను రసాయనికుడు మొదట తయారుచేసెను. అది మూలకమేయని 1810లో ఇంగ్లండునందు డేవీ నిర్ధారణ చేసి దానికా పేరు పెట్టెను. ఉప్పునీటిలోనికి విద్యుత్తును పంపినచో ధనధ్రువముకడ క్లోరిను, ఋణధ్రువముకడ ఉదజని వెలువడును. నీటిలో కాస్టిక్ సోడా మిగులును. క్లోరినును ఈ సోడాతో కలియనిచ్చినచో హైపోక్లోరైటు అను ద్రవ్యము ఏర్పడును. చలువచేయుటకు వాడు ద్రవములో నుండునదియు నిదియే.

ఈ సంగతి మన ప్రాంతమునకు దూరపుది కాదు. తూత్తుకుడి ఉప్పుమడులు మనకు పొరుగుననే కలవు. కోవిల్పట్టి ఆ జిల్లాలోనిదే. శివకాశి, కోవిల్పట్టి అగ్గిపెట్టెల పరిశ్రమలో పుల్లతలకు వాడు పొటాషియము క్లోరేటు కూడ, ఉప్పుజాతి ద్రావణములోనికి విద్యుత్తును పంపు పద్ధతిపైననే తయారగుచున్నది. ఒకే ఉప్పు, ఒకే విద్యుత్తు; నడపు విధమును బట్టి ఒకచోట నీటిని శుద్ధిచేయు మందు, మరియొకచోట నిప్పుపుట్టించు మందు.

ఉప్పునీటి కొలనులో లీటరు నీటికి సుమారు 3 మొదలు 4 గ్రాముల ఉప్పు ఉండును. సముద్రములో సుమారు 35 గ్రాములు. మన కన్నీటిలో సుమారు 9 గ్రాములు. కావుననే ఈ నీరు కన్నులను మండింపదు, నాలుకకు ఉప్పదనమును అంతగా తెలియనీయదు. పంపు ఈ నీటిని వడపోత గుండా, పిదప "సెల్" అను చిన్న పెట్టె గుండా త్రోయును. పెట్టెలో టైటేనియము పలకలు వరుసగా నుండును. వానిమీద రుథీనియము వంటి అరుదైన లోహముల పూత యుండును. విద్యుత్తు పారినప్పుడు అచట క్లోరిను పుట్టి నీటిలో కలిసిపోవును. సూక్ష్మజీవులను చంపినను, ఎండకు చెడినను, క్లోరినులో చాలభాగము తిరిగి క్లోరైడుగానే మారును. కావున ఉప్పు త్వరగా తరిగిపోదు; వడపోత కడుగునప్పుడు, వాన కురిసి నీరు పొర్లినప్పుడు మాత్రమే పోవును.

జమాఖర్చు లెక్క

క్లోరిను తగ్గినదనగానే "యంత్రము చెడినది" అని తీర్మానించుట పలువురు చేయు పొరపాటు. మన యింటి జమాఖర్చు పుస్తకమును తలచుకొనుడు. నెలాఖరున చేతిలో డబ్బు మిగులలేదనిన, రాబడియైనను తగ్గియుండవలెను, ఖర్చైనను పెరిగియుండవలెను. ఇవి రెండును కాకున్నచో లెక్కలోనే తప్పు ఉండవలెను. కొలనులోని క్లోరిను విషయమును అట్టిదే. మొదట లెక్క సరియైనదా యని చూచి, పిదప ఖర్చు, ఆ తరువాత రాబడి చూడవలెను.

ఒక ఉదాహరణము: 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు గల కొలనులో 60 ఘనమీటర్లు, అనగా 60,000 లీటర్ల నీరు పట్టును. లీటరుకు 3.5 గ్రాముల చొప్పున 210 కిలోల ఉప్పు కావలెను. ఆ నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిను పెరుగవలెననిన 60 గ్రాముల క్లోరిను కావలెను. సెల్ గంటకు 15 గ్రాములు ఇచ్చుననుకొందము. దినమునకు 8 గంటలు నడిచినచో 120 గ్రాములు, అనగా లీటరుకు 2 మి.గ్రా. రాబడి. విద్యుత్తు పోయియో, పొదుపు కొరకో 4 గంటలే నడపినచో రాబడి 1 మి.గ్రా. మాత్రమే. కొలనుకు దినమునకు 2 మి.గ్రా. ఖర్చు ఉన్నచో, యంత్రము చక్కగా నున్నను నిలువ సున్నకు దిగును. ఇట్టి చోట యంత్రమును నిందించుట అన్యాయము, గడియారమును చూడవలెను.

మొదటి మెట్టు: కొలతను పరీక్షించుట

ఈతకొలనులో స్వేచ్ఛాక్లోరిను లీటరుకు కనీసము 1 మి.గ్రా. ఉండవలెనని, ఎండరక్షకము కలిపిన కొలనులో కనీసము 2 మి.గ్రా. ఉండవలెనని అమెరికా ప్రజారోగ్యశాఖవారు చెప్పుచున్నారు. దీనిని కొలుచుటకు డి.పి.డి. అను మందు వాడుదురు. క్లోరిను ఉన్నచో నీరు గులాబిరంగు తిరుగును. పూర్వము పసుపురంగు నిచ్చు ఆర్థోటాలిడిన్ మందు వాడెడివారు. అది ఆరోగ్యమునకు మంచిది కాదని ఇప్పుడు దానిని తగ్గించుచున్నారు.

కొలతలో మూడు పొరపాట్లు జరుగుచుండును. మొదటిది, పాతబడిన లేక తేమ తగిలిన పరీక్షపట్టీలు. రెండవది, నీటిని తీయు చోటు. సెల్‌నుండి నీరు వచ్చు రంధ్రముకడ తీసినచో క్లోరిను ఎక్కువగా కనబడును; పైపొరలో తీసినచో తక్కువగా కనబడును. రంధ్రమునకు దూరముగా, మోచేతిలోతున తీయవలెను. మూడవది వింతగా తోచును: క్లోరిను మితిమీరి యున్నప్పుడు గులాబిరంగు ఒక్క క్షణము కనబడి మాయమగును, లేక కనబడనే కనబడదు. క్లోరినే ఆ రంగును చలువచేసి పోగొట్టును. చూచువాడు "సున్న" అని వ్రాసికొని మరింత క్లోరిను కలుపును. సందేహము కలిగినచో కొలనునీటిలో క్లోరిను లేని మంచినీటిని సమానముగా కలిపి తిరిగి పరీక్షింపవలెను. అప్పుడు రంగు నిలిచినచో మొదటిది అబద్ధపు సున్నయని తెలియును.

రెండవ మెట్టు: రాత్రిపరీక్ష

ఖర్చు ఎచట జరుగుచున్నదో కనుగొనుటకు చక్కని ఉపాయము కలదు. ఎండ వలన కలుగు నష్టము రాత్రి ఉండదు కదా! కావున ప్రొద్దుగ్రుంకిన పిదప సెల్‌ను ఆపి, నీటిని కలియబెట్టు పంపును నడపుచు క్లోరినును కొలిచి వ్రాసికొనవలెను. మరునాడు ప్రొద్దు పొడువక మునుపే తిరిగి కొలువవలెను. నడుమ ఎవ్వరును కొలనులో దిగరాదు. రాత్రిలో లీటరుకు 1 మి.గ్రా. కంటె ఎక్కువ తగ్గినచో, నీటిలో క్లోరినును తినివేయు మలినమో పాచియో ఉన్నదని అర్థము. రాత్రి నిలిచి పగలు మాత్రమే తగ్గినచో ఎండయే కారణము. పగలు రాత్రియు ఖర్చు మితముగనే యుండి, అయినను నిలువ పెరుగకున్నచో అప్పుడు రాబడి చాలుట లేదని తీర్మానింపవచ్చును.

మూడవ మెట్టు: ఖర్చునకు కారణములు

ఎండ: మన ప్రాంతపు ఎండ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రక్షణ లేని కొలనులో మధ్యాహ్నపు టెండకు ఒక గంటలోపే క్లోరినులో సగము నశింపగలదు. దీనిని తగ్గించుటకు సయనూరిక్ ఆమ్లము అను ద్రవ్యమును లీటరుకు సుమారు 30 మొదలు 50 మి.గ్రా. కలుపుదురు. కొన్ని సెల్‌ల తయారీదారులు ఇంతకంటె ఎక్కువ చెప్పుదురు. ఇది గొడుగువంటిది. అయితే గొడుగు మరీ పెద్దదైనచో దానిక్రింది మనిషి కదలలేడు. ఈ ఆమ్లము మితిమీరినచో క్లోరిను పని మందగించును. ఎండ తగులని లోపలి కొలనులకు ఇది అక్కరలేదు. సెల్ మూతపడిన రాత్రిలో క్లోరినుకు ఎండభయము లేదు గనుక, పంపు గంటలలో కొంతభాగమును సాయంకాలమునకు మార్చుటయు మేలు.

మలినములు: చెమట, నూనె, మూత్రము, రాలిన ఆకులు క్లోరినును వ్యయపరచును. మూత్రములోని యూరియా, చెమటలోని అమ్మోనియా జాతి ద్రవ్యములు క్లోరినుతో కలిసి క్లోరమినులు అను బలహీనపు ద్రవ్యములుగా మారును. ఈతకొలనులో ముక్కునకు తగులు ఘాటైన వాసన, కన్నులు ఎర్రబడుట, చాలవరకు వీనివలననే. "వాసన బాగుగ వచ్చుచున్నది, క్లోరిను పుష్కలముగా నున్నది" అనుకొనుట తప్పు. మంచి క్లోరిను తగ్గి, వాడిపోయిన క్లోరిను పెరిగినదనుటకే ఆ వాసన గుర్తు. అప్పుడు వాడిపోయిన క్లోరిను కొలతకు సుమారు పదిరెట్లు క్రొత్త క్లోరిను ఒక్కసారి వేసిన గాని అది విడిపోదు.

పాచి: గోడలు జారుచున్నను, నీరు పచ్చబారినను పాచి పుట్టినదని తెలియును. ఫాస్ఫేటులు పాచికి ఆహారమే గాని, అవి స్వయముగా క్లోరినును తినవు. కావున ముందుగా గోడలు రుద్ది, వడపోత కడిగి, క్లోరినును పెంచవలెను.

ఇచట నొక ముఖ్యవిషయము. సెల్ నెలజీతమువంటిది, దినదినము కొంచెము కొంచెముగా ఇచ్చును. పాత అప్పు పేరుకొన్నప్పుడు జీతముతో వడ్డీయే తీరును, అసలు తీరదు. అట్లే నిలువ సున్నయైన కొలనును సెల్ ఒక్కటియే లేవనెత్తలేదు. ఒకసారి హైపోక్లోరైటు ద్రవమును చేతితో కలిపి అప్పు తీర్చి, పిదప దినవెచ్చమును సెల్‌కు అప్పగింపవలెను.

నాలుగవ మెట్టు: రాబడి తగ్గుటకు కారణములు

మొదట ఉప్పును కొలువవలెను. గట్టివాన కురిసి కొలనులో పదవవంతు నీరు మారినచో 3.5 గ్రాముల ఉప్పు 3.15 గ్రాములకు దిగును. ఉప్పు తగ్గినకొలది విద్యుత్తు పారుట తగ్గును. కొన్ని యంత్రములు తామే ఆగిపోవును. ఉప్పు కలిపిన వెంటనే కొలువరాదు. అది కరగి నీరంతయు కలియువరకు ఆగవలెను.

తరువాత పలకలను చూడవలెను. మన ప్రాంతపు గొట్టపుబావుల నీరు పెక్కుచోట్ల కఠినజలము. పప్పు ఉడకకుండుట, గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట గృహిణులకు తెలిసినదే. ఆ సున్నపు పెచ్చే సెల్ పలకలమీదను కట్టును. ఋణధ్రువముకడ క్షారము పుట్టుటచేత అచట పెచ్చు త్వరగా పేరుకొనును. ఉప్పుమడినుండి తెచ్చిన శుద్ధిచేయని కల్లుప్పులో కాల్షియము, మెగ్నీషియము మిగిలియుండుటచేత ఈ బాధ హెచ్చును. పెచ్చును తయారీదారు చెప్పినట్లు పలుచని ఆమ్లముతో కరగించి కడుగవలెను. ఇనుపముక్కతో గీకరాదు, గీకినచో విలువైన పూత పోవును.

ఆ తరువాత పంపు గంటలు, నీటివేగము, వడపోత చూడవలెను. వడపోత మూసుకొన్నచో సెల్ గుండా చాలినంత నీరు పోదు, యంత్రము ఆగును. నీరు సుమారు 15 డిగ్రీల సెంటీగ్రేడు కంటె చల్లబడినచో పెక్కు యంత్రములు పని మానును. కొండప్రదేశములందు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను, మన మైదానములో ఇది అరుదు. ఇవి యన్నియు సరిగా నుండి, నీరు శుద్ధమై, గంటలు చాలినంత నడచియు క్లోరిను రాకున్నచో, పలకల పూత అరిగిపోయినదని తలచి క్రొత్త సెల్ కొనుట యుక్తము. మిక్కిలి ఖరీదైన ఈ పరిష్కారమును చిట్టచివర చూడవలెను. అనేకులు దానితోనే ప్రారంభించుచున్నారు.

నిలువ ఉండియు పని జరుగకుండుట

పుస్తకములో డబ్బు కనబడుచు, పెట్టె తాళము తెరువలేని స్థితి యొకటి కలదు. నీటి ఆమ్లక్షార స్థితిని పి.హెచ్. అను సంఖ్యతో చెప్పుదురు. క్లోరిను నీటిలో రెండు రూపములందుండును. వానిలో హైపోక్లోరస్ ఆమ్లరూపమే సూక్ష్మజీవులను త్వరగా చంపునది. పి.హెచ్. 7.5 వద్ద క్లోరినులో సుమారు సగము ఈ రూపమున నుండును, 8 వద్ద సుమారు నాలుగవవంతు, 8.5 వద్ద పదింట నొకవంతునకు దగ్గర. ఉప్పునీటి కొలనులో ఉదజని బుడగలు నీటిని కదపి బొగ్గుపులుసుగాలిని వెడలగొట్టుటచేత పి.హెచ్. మెల్లగా పైకి పోవుచుండును. దానిని 7.2 మొదలు 7.8 వరకు నిలుపవలెను. ఇది సరిగా నున్నచో పెచ్చు కట్టుటయు తగ్గును.

క్లోరినుకును సర్వశక్తులు లేవు. లీటరుకు 1 మి.గ్రా. క్లోరిను సరియైన పి.హెచ్.లో ఈ.కోలై క్రిమిని ఒక నిమిషములోపే చంపును. జియార్డియా అను పరాన్నజీవికి సుమారు 45 నిమిషములు పట్టును. క్రిప్టోస్పోరిడియము అనుదానికి పదిదినములకు మించి పట్టును. కావున విరేచనములు అగుచున్న బిడ్డను, ఎంత మంచి కొలనైనను, అందులో దింపరాదు. ఈ నియమమును పాటించుట తల్లిదండ్రుల చేతిలో నున్నది. ఏ యంత్రమును దానిని చేయలేదు.

ఇదే లెక్క మన బావికి

ఈతకొలను లేనివారికి ఈ పాఠముతో పని యేమని అడుగవచ్చును. త్రాగునీటికి ఇదే లెక్క. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణమున సన్నిపాతజ్వరము చెలరేగినప్పుడు నీటిగొట్టములను క్లోరినుసున్నముతో శుద్ధిచేసిరి. 1908లో అమెరికాలోని జెర్సీసిటీకి పోవు నీటిలో నిత్యము క్లోరిను కలుప మొదలిడిరి. నేడు మన భారతీయ ప్రమాణము ననుసరించి త్రాగునీటిలో లీటరుకు కనీసము 0.2 మి.గ్రా. స్వేచ్ఛాక్లోరిను మిగిలియుండవలెను. తామ్రపర్ణి నీరు గొట్టములలో దూరము నడచి వచ్చునప్పుడు, ఇంటి మేడమీది తొట్టిలో నిలిచినప్పుడు, దారిఖర్చు జరుగుచునే యుండును. తొట్టి అడుగున మడ్డి పేరుకొన్నచో చివరి కొళాయికడ నిలువ సున్నయగును.

తెలుగువారికి శ్రీవిల్లిపుత్తూరు క్రొత్త ఊరు కాదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథ ఈ విల్లిపుత్తూరిదే. ఆండాళ్ కోవెలలో గోదాదేవి మాలను ధరించి తన ప్రతిబింబమును చూచుకొన్నదని చెప్పు కన్నాడి కిణరును మన పిల్లలందరు ఎరుగుదురు. అద్దమువలె మెరయుట నీటికి అందము. ఆరోగ్యమునకు మాత్రము కంటిచూపు చాలదు, కొలత కావలెను. మన పెద్దలు చిల్లగింజను అరగదీసి మడ్డినీటిని తేర్చెడివారు. అది మంచి పద్ధతియే. తేరిన నీటికి క్లోరిను ఖర్చు తగ్గును. కాని తేర్చుటవలన క్రిములన్నియు చావవు.

బావికి బ్లీచింగ్ పౌడరు వేయునప్పుడు చేతికి వచ్చినంత చల్లుట మనవారి అలవాటు. ఇచటను లెక్క చూడుడు. బావి వ్యాసము 3 మీటర్లు, నీటిలోతు 4 మీటర్లు అనుకొందము. 3.14ను 9తో గుణించి, 4తో భాగించి, లోతైన 4తో గుణించినచో 28.26 ఘనమీటర్లు, అనగా సుమారు 28,260 లీటర్లు. మంచి పొడి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములను సామాన్య అంచనా ప్రకారము 71 గ్రాములు చాలును. కాని నీరు మలినమైనచో?

దానికి హారక్స్ పరీక్ష కలదు. ఒక నల్లగిన్నెలో 2 గ్రాముల పొడిని నీటితో కలిపి గుర్తువరకు నింపి తేరనిత్తురు. ఆరు తెల్లగిన్నెలలో బావినీరు పోసి, తేరిన ద్రవమును మొదటిదానిలో 1 చుక్క, రెండవదానిలో 2 చుక్కలు, ఇట్లు ఆరవదానివరకు వేసి కలిపి అరగంట ఆగుదురు. పిదప ప్రతిదానిలో మూడు చుక్కల పిండి అయొడైడు ద్రావణము వేయుదురు. ఏ గిన్నెలో మొదట స్పష్టమైన నీలిరంగు కనబడునో, ఆ గిన్నె సంఖ్యను 2 గ్రాములతో గుణించినచో 455 లీటర్ల నీటికి కావలసిన పొడి తెలియును. మూడవ గిన్నెలో నీలిరంగు వచ్చినచో 455 లీటర్లకు 6 గ్రాములు. మన ఉదాహరణములోని బావికి సుమారు 373 గ్రాములు. అంచనా 71, కొలత 373! అంచనానే నమ్మినవాడు పొడి వేసితినని తృప్తిపడును. బావిలో మాత్రము క్లోరిను మిగులదు.

పొడిని నేరుగా బావిలో చల్లరాదు. బక్కెట్టులో ముద్దగా కలిపి, నీరు పోసి, పది నిమిషములు తేరనిచ్చి, పైనీటిని మరియొక బక్కెట్టులోనికి వంచి, దానిని త్రాటితో నీటిలోనికి దింపి బాగుగ కలియబెట్టవలెను. అడుగున మిగిలిన సున్నమును బావిలో వేయరాదు. రాత్రి నీరుతోడుట ముగిసిన పిదప చేయుట మేలు. తోడుటకు ముందు ఒక గంటయైనను గడువవలెను. క్రొత్త పొడిలో సుమారు మూడవవంతు క్లోరిను ఉండును. మూత తెరచి, ఎండలో తేమలో ఉంచినచో ఆ బలము దినదినము తరుగును.

హెచ్చరికలు

బ్లీచింగ్ పౌడరును గాని హైపోక్లోరైటు ద్రవమును గాని ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు. ఒకే చెంబును రెండింటికి వాడరాదు. అట్లు కలిపినచో విషపూరితమైన క్లోరిను వాయువు వెలువడును. 1915లో ఈప్ర యుద్ధరంగమున సైనికులపై వదలినది ఆ వాయువే. ఆమ్లమును పలుచన చేయునప్పుడు నీటిలో ఆమ్లమును పోయవలెను. ఆమ్లములో నీటిని పోయరాదు. ఈ పనులు పెద్దలు ఆరుబయట చేయవలసినవి. పిల్లల చేత చేయింపరాదు.

తల్లిదండ్రులు అడుగవలసినవి

బిడ్డను ఈతకు పంపునప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుట మన హక్కు. ఈ దినము క్లోరిను ఎంత? పి.హెచ్. ఎంత? ఎన్నిగంటలకు కొలిచితిరి? కొలిచిన పుస్తకము చూపుదురా? మంచి నిర్వాహకుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. కొలను అడుగు స్పష్టముగా కనబడకున్నను, గోడలు జారుచున్నను, ఘాటైన వాసన కొట్టుచున్నను, ఆనాటికి బిడ్డను గట్టుననే నిలుపుడు. దిగుటకు ముందు బిడ్డ మూత్రవిసర్జనము చేసి, ఒడలు కడుగుకొని రావలెను. ఇది పిల్లవాడు కొలను జమాఖర్చునకు చేయు సాయము.

ఇంటిలో చేయవలసినది ఇంకను సులభము. మేడమీది తొట్టిని ఖాళీచేసి మడ్డి కడుగుట, దానికి మూత వేయుట, బ్లీచింగ్ పౌడరు డబ్బామీద కొన్న తేదీ వ్రాయుట, త్రాగునీటిని క్లోరిను నమ్మకము లేనప్పుడు తెర్లకాచి వాడుట. ఈ సంవత్సరము మన పిల్లలచేత ఇంటింట తొట్టి కొలతలు తీయించి, ఎన్ని లీటర్లు పట్టునో లెక్క కట్టించుడు. గణితము అభ్యాసమగును, నీటికి ఎంత మందు కావలెనో ఇంటిలో నొకరికైనను తెలిసియుండును. సెలవులు ముగిసి బిడ్డలు ఆ లెక్కలపుస్తకముతో బడికి వచ్చినచో, మేము దానిని సంతోషముతో దిద్దెదము.